గ్యారేజ్ తలుపు సగం దిగి మళ్ళీ పైకి పోతోంది, సెన్సర్ల సంగతి తెలిసినవాళ్ళు చెప్పండి

ఫ్రిస్కోవాసి:
అందరికీ నమస్కారం. డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. పొద్దున ఆఫీసుకు బయల్దేరి, కారు డ్రైవ్‌వేలోకి తీసి రిమోట్ నొక్కితే గ్యారేజ్ తలుపు ఒక్కోసారి అసలు కదలదు. ఒక్కోసారి కాస్త దిగి మళ్ళీ పైకి పోతుంది. పైన మోటార్ లైటు టపటపా కొట్టుకుంటుంది. సాయంత్రం ఇంటికొచ్చి మూస్తే మాత్రం ఏ పేచీ లేకుండా మూసుకుంటుంది. చలికాలం మొదలైనప్పటి నుంచీ ఇదే వరస.

ఇంట్లో నాలుగేళ్ళ పాప ఉంది. రాజమండ్రి నుంచి అమ్మానాన్న వచ్చి ఉన్నారు. నాన్న వాకింగుకి గ్యారేజ్‌లోంచే వెళ్ళొస్తారు. నేను వెళ్ళాక తలుపు బార్లా తెరిచి ఉండిపోతుందేమోనని ఆయనకి ఒకటే కంగారు.

ఆఫీసులో ఒకతను "కిందున్న రెండు సెన్సర్లూ ఊడదీసి, పైన మోటార్ పక్కన ఒకదానికొకటి ఎదురుగా టేపు వేసి కట్టెయ్, ఇక జన్మలో గొడవుండదు" అన్నాడు. చాలామంది అలాగే చేస్తారట. చేయొచ్చా?

వైర్లమనిషి:
వద్దండీ. ఆ పని మాత్రం చేయకండి. నేను హ్యూస్టన్‌లో గ్యారేజ్ తలుపులు బిగించే పనిలోనే ఉన్నాను. అలా పైన కట్టేసిన సెన్సర్లు కనిపిస్తే, వాటిని కిందికి దించి బిగించాకే మిగతా పని ముట్టుకుంటాను.

అసలు అవి ఏం చేస్తాయో ముందు చూడండి. తలుపుకి అటూ ఇటూ, పట్టాల అడుగున, నేల నుంచి 6 అంగుళాలు దాటకుండా రెండు చిన్న డబ్బాలుంటాయి. ఒకటి కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ కాంతిని పంపుతుంది, ఎదుటిది అందుకుంటుంది. అందుతున్నంతసేపూ మోటార్‌కి "దారి ఖాళీగా ఉంది" అని కబురు వెళ్తూనే ఉంటుంది. ఆ కబురు ఆగిందంటే దిగుతున్న తలుపు వెనక్కి తిరుగుతుంది. ముందే ఆగి ఉంటే తలుపు దిగనే దిగదు.

చాలామంది ఇక్కడే పొరబడతారు. "అడ్డం ఉంది" అన్న కబురు కోసం మోటార్ ఎదురుచూడదు. "అడ్డం లేదు" అన్న కబురు రాకపోతే చాలు, ఆగిపోతుంది. పాప అడ్డమొచ్చినా, ఎండుటాకు అడ్డమొచ్చినా, ఎలుక వైరు కొరికినా, సెన్సరే చచ్చిపోయినా మోటార్‌కి అన్నీ ఒకటే. తనకి నమ్మకం కుదరకపోతే తలుపు దించకూడదు, అదీ దాని నియమం. మీకు విసుగు తెప్పిస్తున్న ఆ గుణమే మీ పాపని కాపాడేది.

ఇది కంపెనీలు వాటంతట అవి పెట్టినది కూడా కాదు. ఈ దేశంలో ఆటోమేటిక్ తలుపుల కింద ఇరుక్కుని పసిపిల్లలు చనిపోయారు. అందుకే 1990లో అమెరికా కాంగ్రెస్ (ఇక్కడి పార్లమెంటు) చట్టం చేసింది. 1993 జనవరి 1 నుంచి ఇక్కడ అమ్మకానికి తయారయ్యే ప్రతి ఇంటి గ్యారేజ్ మోటార్‌కీ ఇలాంటి కంటి సెన్సర్లు గానీ, తలుపు అడుగు అంచుకి సెన్సర్ గానీ ఉండి తీరాలి.

ఇప్పుడు మీ సంగతి. రెండు విషయాలు చెప్పండి. తలుపు దిగనన్న సమయంలో సెన్సర్ల మీది చిన్న లైట్లు ఎలా ఉన్నాయి? మీ గ్యారేజ్ ఏ దిక్కుకి ఉంది?

ఎడిసన్_అమ్మ:
వైర్లమనిషి గారు అడిగినవి చూసేలోపు ఒక్కసారి వంగి ఆ కళ్ళ ముందు ఏముందో చూడండి. మా ఇంట్లో పిల్లల సైకిలు చక్రం, చీపురు, రీసైక్లింగ్ డబ్బా, చెప్పుల స్టాండు, ఇవన్నీ ఎప్పుడో ఒకప్పుడు అడ్డం పడ్డవే. సాలెగూడు అయితే చెప్పనక్కర్లేదు. ఒక్క పోగు లెన్స్ మీద వేలాడి గాలికి ఊగితే తలుపు ఒకసారి దిగుతుంది, ఒకసారి దిగదు. న్యూజెర్సీలో చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు కారు చక్రాలతో లోపలికి వచ్చి తెల్లటి పొరలా లెన్స్ మీద పడుతుంది. మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు, ఏ ద్రావకమూ వాడొద్దు.

ఇంకోటి. ఆ సెన్సర్ డబ్బాలు పలచటి రేకు బ్రాకెట్ మీద నిలబడతాయి. కాలు తగిలినా, క్రికెట్ బంతి తగిలినా చూపు పక్కకి పోతుంది. ఒక కన్ను నుంచి ఇంకో కన్ను దాకా దారం లాగి పట్టుకుంటే వంకర ఎక్కడుందో తెలిసిపోతుంది.

టేపు సంగతి. పిల్లలున్న ఇంట్లో ఆ మాట తలపెట్టకండి ప్లీజ్. దిగే తలుపు కింద నుంచి దూసుకుని బయటికి పరిగెత్తడం పిల్లలకి ఆట. మన ముందు చేయరు, వాళ్ళలో వాళ్ళున్నప్పుడు చేస్తారు.

ఫ్రిస్కోవాసి:
ధన్యవాదాలండీ. అన్నీ తుడిచాను, అడ్డం ఏమీ లేదు.

ఇల్లు తూర్పు ముఖం. వాస్తు చూసుకునే కొన్నాం, గ్యారేజ్ కూడా తూర్పుకే తెరుచుకుంటుంది. లోపల నిలబడి వీధి వైపు చూస్తే కుడిచేతి సెన్సర్ మీద కాషాయం లాంటి లైటు, ఎడమచేతి దాని మీద ఆకుపచ్చ లైటు. ఈ పొద్దున గమనించాను, తలుపు మొరాయించినప్పుడు ఆకుపచ్చది ఆరిపోయి ఉంది. కాషాయం మాత్రం వెలుగుతూనే ఉంది. మీరు దిక్కు అడిగాక గుర్తొచ్చింది, మబ్బు పట్టిన రోజుల్లో ఈ గొడవే లేదు.

వైర్లమనిషి:
దొరికింది. ఎండ.

లిఫ్ట్‌మాస్టర్, చాంబర్లెయిన్ కంపెనీల వాటిలో కాషాయం లైటున్నది కాంతిని పంపేది, ఆకుపచ్చది అందుకునేది. జీనీ కంపెనీ వాటిలో ఎరుపు, ఆకుపచ్చ ఉంటాయి. పంపేదాని లైటు కరెంటు ఉన్నంతసేపూ వెలుగుతుంది. అందుకునేదాని లైటు కాంతి అందితేనే వెలుగుతుంది. రెండూ ఆరిపోతే వైరో కరెంటో చూడాలి. అందుకునేది ఒక్కటే ఆరితే చూపు తప్పినట్టు, మురికి పట్టినట్టు, లేదా ఎండ కొట్టినట్టు. మీది మూడోది.

సూర్యుడి వెలుగులోనూ ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది, అదీ బోలెడంత. అది నేరుగా లెన్స్‌లోకి పడితే ఎదుటి సెన్సర్ పంపే చిన్న వెలుగు అందులో కలిసిపోతుంది. ఎర్రటి ఎండలో టార్చిలైటు వేసినా వేయకపోయినా ఒకేలా కనిపించినట్టు. అయోమయంలో పడ్డ సెన్సర్ "దారి ఖాళీ" అని చెప్పలేదు, మోటార్ తలుపు దించదు.

చలికాలంలోనే ఎందుకంటే, మీ తలుపు తూర్పుకి కాబట్టి రెండు కళ్ళూ ఉత్తర దక్షిణాలుగా ఎదురెదురుగా చూసుకుంటాయి. ఎడమచేతిది ఉత్తరం పక్కన నిలబడి దక్షిణం వైపు చూస్తోంది. డిసెంబరు, జనవరిలో సూర్యుడు ఆగ్నేయంగా ఉదయించి, దక్షిణం వైపే వాలి, చాలాసేపు కిందుగా తిరుగుతాడు. ఆ ఎండ తెరిచిన తలుపులోంచి ఏటవాలుగా వచ్చి సరిగ్గా ఆ కంట్లో పడుతుంది. వేసవిలో సూర్యుడు ఈశాన్యంగా పొడిచి గబగబా పైకెక్కేస్తాడు కాబట్టి ఇంత బాధ ఉండదు.

కాబట్టి రెండు సెన్సర్ల స్థానాలూ మార్చేయండి. అందుకునేది దక్షిణం పక్కకి, పంపేది ఉత్తరం పక్కకి. పంపేదాని మీద ఎండ పడినా నష్టం లేదు, అది చూసేది ఏమీ ఉండదు కదా. ముందు మోటార్ ప్లగ్ పీకండి. మీకున్న రకంలో రెండు సెన్సర్ల వైర్లూ మోటార్ వెనక అవే రెండు టెర్మినళ్ళకి వెళ్తాయి. తెల్లవి రెండూ ఒకచోట, నల్ల గీతున్న తెల్లవి రెండూ ఇంకోచోట. అందుకని కిందే బ్రాకెట్ దగ్గర కత్తిరించి, రంగుకి రంగు కలిపి, వైర్‌నట్ (వైర్ల కొసలు కలిపి పట్టే ప్లాస్టిక్ టోపీ) బిగిస్తే సరిపోతుంది, పైదాకా లాగక్కర్లేదు. వేరే కంపెనీదైతే పుస్తకం చూసుకోండి.

మార్చేదాకా తాత్కాలికంగా లెన్స్ చుట్టూ అట్టముక్కతో చిన్న గొట్టంలా చుట్టినా నీడ పడుతుంది. గొట్టం లెన్స్‌కి అడ్డం రాకుండా చూసుకోండి.

కొత్తిల్లు కొంటున్నవాళ్ళకి కూడా ఇది ఉపయోగమే. మనవాళ్ళు ఎక్కువగా తూర్పు ముఖమే అడుగుతారు. తూర్పైనా పడమరైనా గ్యారేజ్‌లో అందుకునే కన్ను దక్షిణం పక్కనుంటే మేలు. బిల్డర్ మనిషి ఏ పక్క ముందు చేతికొస్తే అది బిగించి వెళ్ళిపోతాడు.

బేఏరియా_బాబాయ్:
అందరూ ఒకే మాట అంటున్నారు కాబట్టి నా అభిప్రాయం కూడా చెప్తాను. ఈ సెన్సర్ల మీద నాకు అంత నమ్మకం లేదు. ఒకరోజు మా ఎస్‌యూవీ కొంచెం వెనక్కి ఆగి, డిక్కీ గ్యారేజ్ తలుపు దిగేచోటు దాటి బయటికి ఉండిపోయింది. తలుపు నేరుగా డిక్కీ మీదకే దిగింది. సెన్సర్ ఏమీ అనలేదు. తగిలాక మాత్రం మోటార్ వెనక్కి తిరిగింది. అంటే నన్ను కాపాడింది మోటారే కదా? తగిలితే వెనక్కి తిరిగే గుణం ఎలాగూ ఉన్నప్పుడు, రోజూ విసిగించే ఈ కళ్ళు ఎందుకు?

వైర్లమనిషి:
బాబాయ్ గారూ, మంచి పాయింటు, దాటేయాల్సింది కాదు. సెన్సర్ చూసేది ఒకే ఒక గీత. నేలకి 6 అంగుళాల లోపు ఎత్తులో, దారం అంత గీత. ఎస్‌యూవీ పొట్ట దాదాపు 8 అంగుళాల పైనే ఉంటుంది. వెనక చక్రాలు గీత దాటి లోపలికి వచ్చేసి డిక్కీ మాత్రం బయట ఉంటే, కాంతి కారు కింద నుంచి హాయిగా అవతలికి పోతుంది. దాని దృష్టిలో దారి ఖాళీ. నిచ్చెన కాళ్ళు గీతకి అటూ ఇటూ ఉండి మనిషి పైన నిలబడ్డా అంతే. అంత కిందుగా పెట్టించింది కారు కోసం కాదు. పాకే పిల్లలు, పడిపోయిన మనుషులు నేల మీదే ఉంటారు కాబట్టి.

ఇక తగిలితే వెనక్కి తిరగడం. అది రెండో రక్షణ. తగిలిన 2 సెకన్లలోపు వెనక్కి తిరగాలని ఇక్కడి నిబంధన. కానీ ఆ పని జరగాలంటే ముందు తగలాలి. డిక్కీకి తగిలితే గీత పడుతుంది. పసిపిల్ల మెడకి తగిలితే? పైగా ఎంత బలం తగిలాక తిరగాలో మోటార్‌లో సెట్ చేసి ఉంటుంది. ఏళ్ళు గడిచి స్ప్రింగులు బలహీనపడి తలుపు బరువెక్కితే, "మూసుకోవట్లేదు" అని ఎవరో ఒకరు ఆ బలాన్ని పెంచేస్తారు. అప్పుడది గట్టిగా నొక్కాక గానీ తిరగదు.

ఒక పరీక్ష చేయండి. హోమ్ డిపోలో దొరికే టూ బై ఫోర్ చెక్కముక్కని తలుపు దిగేచోట నేల మీద పడుకోబెట్టండి, నిలబెట్టకూడదు. ఎత్తు ఒకటిన్నర అంగుళం వస్తుంది. తలుపు మూయండి. చెక్కకి తగలగానే వెనక్కి లేవాలి. చెక్క మీదే నొక్కుకుని ఆగిపోతే మీరు నమ్ముకున్న ఆ రక్షణ లేనట్టే. నెలకోసారి చేయాల్సిన పరీక్ష ఇది. తలుపు దిగుతుండగా కంటి ముందు అట్టపెట్టె జరిపి చూడటం ఇంకో పరీక్ష. చెయ్యో కాలో పెట్టి చూడకండి.

ఎడిసన్_అమ్మ:
బాబాయ్ గారూ, రెండూ ఉంటేనే పిల్లలకి ధైర్యం. వాటితో పాటు గోడ మీద బటన్ ఎంత ఎత్తులో ఉందో కూడా చూసుకోండి. 5 అడుగుల పైన ఉండాలి, పిల్లలకి అందకూడదు. కొత్త ఇళ్ళలో కూడా లైటు స్విచ్చుల వరసలోనే పెట్టేస్తున్నారు.

క్యారీ_కొత్తిల్లు:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నార్త్ కరోలైనాలో 1980ల నాటి ఇల్లు కొన్నాం. గ్యారేజ్ మోటార్ పనిచేస్తోంది కానీ కింద ఏ సెన్సర్లూ లేవు, వాటి వైర్లు కూడా లేవు. విడిగా కొని తగిలించుకోవచ్చా?

వైర్లమనిషి:
1993కి ముందు మోటారై ఉంటుంది. వాటిలో చాలావాటికి సెన్సర్ వైరు పెట్టే టెర్మినలే ఉండదు. మోటార్ మార్చేయండి. డబ్బు ఎక్కడ ఆదా చేసినా ఇక్కడ వద్దు. తలుపు బాగుంటే దాన్ని ఉంచుకోవచ్చు.

మార్చేముందు తలుపు తూకం చూడండి. తలుపు పూర్తిగా మూసి ఉన్నప్పుడు మాత్రమే, తలుపుని మోటార్ నుంచి విడదీసే ఎర్ర తాడు లాగి, చేత్తో నడుము ఎత్తుదాకా ఎత్తి మెల్లగా పట్టు వదులు చేయండి. తూకం బాగుంటే అక్కడే నిలబడుతుంది. కిందికి జారిపోతుంటే స్ప్రింగుల పని అయిపోయింది. తలుపు తెరిచి ఉన్నప్పుడు ఆ తాడు ఎప్పుడూ లాగకండి. స్ప్రింగు విరిగి ఉంటే తలుపు మొత్తం ఒక్కసారిగా నేలకి కొడుతుంది. తలుపు పైన అడ్డంగా ఉండే స్ప్రింగు, దాని చివరి బోల్టులు, కేబుళ్ళు, వీటి మీద చెయ్యి వేయకండి. సెన్సర్ పని ఎవరైనా చేసుకోవచ్చు. స్ప్రింగు పని నేర్చినవాళ్ళదే.

ఫ్రిస్కోవాసి:
రెండు ప్రశ్నలు. వారాంతంలో గానీ సెన్సర్లు మార్చలేను. అప్పటిదాకా పొద్దున తలుపు మూసేది ఎలా? ఆఫీసు నుంచి ఫోన్ యాప్‌తో మూయొచ్చా?

వైర్లమనిషి:
గోడ మీది బటన్ నొక్కి, తలుపు నేలకి ఆనేదాకా వేలు తీయకుండా పట్టుకోండి. సెన్సర్ కాదన్నా దిగుతుంది. మధ్యలో వదిలితే వెనక్కి పోతుంది. రిమోట్‌తో ఇది కుదరదు, కుదరకూడదు కూడా. మనిషి అక్కడే నిలబడి తలుపుని కళ్ళారా చూస్తుండాలని అలా పెట్టారు. నాన్నగారికి చూపించి, "తలుపు మీద నుంచి చూపు తిప్పకండి, పాప పక్కన లేనప్పుడే నొక్కండి" అని చెప్పండి.

యాప్‌తో కూడా సెన్సర్ ఒప్పుకుంటేనే దిగుతుంది. ఎవరూ చూడకుండా దిగే తలుపు కాబట్టి ముందు కాసేపు బీప్ మోగుతుంది, లైటు కొట్టుకుంటుంది. ఆ చప్పుడు వింటే దూరం జరగాలని ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి. సెన్సర్లు పైన కట్టేసి, ఫోన్‌తో ఆఫీసు నుంచి మూసే ఇల్లు ఊహించుకోండి. తలుపు కింద ఎవరున్నారో చూసే కన్ను ఒక్కటీ ఉండదు.

తెల్లాపూర్_విల్లా:
నమస్తే అన్నా. మాది హైదరాబాద్, తెల్లాపూర్ దిక్కు విల్లా. ఇక్కడ మీ లెక్క గ్యారేజ్ డోర్లు తక్కువ, మాకు స్లైడింగ్ గేటుకు మోటార్ ఉంటది. పోయినేడు పెట్టిచ్చినం. గేటు మస్తు బరువుంటది. మీరు చెప్పినవన్నీ చదివి పోయి చూసిన, మాకు సెన్సర్ లేనే లేదు. పెట్టినాయనకు ఫోన్ చేసి అడిగితే "అది ఆప్షనల్ సార్, అవసరం లేదు" అన్నడు. కాలనీల పిల్లలు గేటు కాడనే ఆడుతుంటరు. ఏం చేయాలె?

వైర్లమనిషి:
తమ్ముడూ, అవసరమే. తలుపు పైనుంచి దిగితే గేటు పక్క నుంచి వస్తుంది, అంతే తేడా. పిల్ల గేటుకీ స్తంభానికీ మధ్య ఇరుక్కుంటే బరువైన గేటు ఆగదు.

మీ మోటార్ పెట్టెలో ఫోటోసెల్ (గేట్లకి పెట్టే ఇలాంటి కంటి సెన్సర్) కోసం టెర్మినళ్ళు ఉండే ఉంటాయి. ఫోటోసెల్ పెట్టనప్పుడు ఆ రెండు టెర్మినళ్ళ మధ్య చిన్న వైరు ముక్క వేస్తారు, దాన్నే జంపర్ అంటారు. "దారి ఎప్పుడూ ఖాళీయే" అని బోర్డుకి చెప్పేది ఆ ముక్కే. ఫ్రిస్కో గారి ఆఫీసు మనిషి టేపుతో చేయమన్న పనే అది.

ఫోటోసెల్ జత ఒకటి పెట్టించండి. గేటు దారికి రెండు పక్కలా, మోకాలి ఎత్తు దాటకుండా. బయటే ఉంటాయి కాబట్టి వానకి తట్టుకునే రకం అడగండి, వైరు పైపులో వేయించండి. మీకూ తూర్పు పడమర ఎండ లెక్క వర్తిస్తుంది. గేటు తగిలితే ఆగే బలం ఎంత పెట్టారో కూడా అప్పుడే తగ్గించి చూపించమనండి.

ఫ్రిస్కోవాసి:
సెన్సర్లు మార్చేశాను. ఎండ నేరుగా లోపలికి పడుతున్నా ఆకుపచ్చ లైటు ఆరలేదు, తలుపు మొదటిసారికే మూసుకుంది. తలుపు దిగేటప్పుడు అదురుకి లైటు ఒక క్షణం మినుకుమంటోంది. బ్రాకెట్ వదులా?

వైర్లమనిషి:
అవును. వింగ్ నట్ (చేత్తో తిప్పే రెక్కల నట్టు) బిగించండి. బ్రాకెట్‌ని పట్టాకి పట్టే క్లిప్పు కూడా చూడండి. బిగించేటప్పుడు ఆకుపచ్చ లైటు నిలకడగా వెలిగే కోణంలో ఆపండి. ఆ తర్వాత చెక్కముక్క పరీక్ష, అట్టపెట్టె పరీక్ష రెండూ చేసేయండి.

తెల్లాపూర్_విల్లా:
అన్నా, ఎలక్ట్రీషియన్ రేపొస్తనన్నడు. జంపర్ తీసిండా, లేక ఫోటోసెల్ ఊర్కనే గోడకు తగిలిచ్చి పోయిండా, నాకెట్ల తెలుస్తది?

వైర్లమనిషి:
గేటు మూసుకుంటుంటే ఫోటోసెల్ ముందు అట్ట అడ్డం పెట్టు, గేటు ఆగి వెనక్కి పోవాలి. అది అయ్యాక, మోటార్ కరెంటు ఆపించి ఫోటోసెల్ వైరు ఒకటి బోర్డు దగ్గర ఊడదీయించు. మళ్ళీ కరెంటు వేసి రిమోట్‌తో గేటు మూయమను. గేటు మూసుకుందంటే జంపర్ ఇంకా ఉన్నట్టు, లేదా వైరింగ్ తప్పుగా ఉన్నట్టు. మూసుకోకుండా మొరాయించిందంటే సరిగ్గా పెట్టాడు. వైరు తిరిగి పెట్టించాక డబ్బులివ్వు.